బీవాత్తు గుండిగ

కొడుకు జోయి నీలంబూరు కొండపక్కన రబ్బరు తోట కొన్నప్పుడు ఏలికుట్టి క్రైస్తవులు ఎక్కువున్న పాలా పట్నంలోని ఇల్లు వదిలి అతని వెంట వచ్చేసింది. కొత్త ఊళ్లో చుట్టూ మాపిళ్ల ముస్లింల ఇళ్లేనని తెలిసి బంధువులంతా తలొక భయమూ మూటగట్టి ఇచ్చారు. ఏలికుట్టి భయపడలేదు సరికదా, పక్కింట్లో కనీసం ఒక్క ఆత్మనైనా ప్రభువు దగ్గరకు చేర్చకపోతే తన పుట్టుకే దండగని తీర్మానించుకుంది.

ఆ ఆత్మ పేరు బీవాత్తు. గోడ అవతలి ఇల్లు. ఏలికుట్టికంటే రెండు మూడేళ్లు చిన్నది, ఈమెలాగే భర్త పోయినది. నోట్లో నువ్వుగింజ నానదు. అందరిలాగే ఆమె కూడా ఏలికుట్టిని చేట్టత్తీ అనే పిలిచేది, వదినగారిని పిలిచినట్టు.

వచ్చిన వారంలోనే ఏలికుట్టి యేసు తిరుహృదయ పటాన్ని వసారాలో, సరిగ్గా గోడ వైపుకు కనబడేలా తగిలించింది. బీవాత్తు తాపీగా చూసింది.

"పటం బాగుంది చేట్టత్తీ. ఈసా నబీ మరీ ఇంత తెల్లగా ఉన్నాడేంటి? ఆ దేశంలో ఎండలుండవా?"

"ఈసా నబీ కాదు. ప్రభువైన యేసు."

"ఇద్దరూ ఒకరే కదా. మీరు కాస్త ఎక్కువ చెబుతారు, మేం ఉన్నంతే చెబుతాం. సరేగానీ, ఇంట్లో పంచదారుంటే ఒక గ్లాసు ఇయ్యి."

ఆ సాయంత్రం నుంచి ఏలికుట్టి జపమాలలో బీవాత్తు మారుమనస్సు కోసం ఒక ప్రార్థన అదనంగా చేరింది. అవతల బీవాత్తు కూడా నమాజు అయ్యాక చేతులు చాచి, "చేట్టత్తి మంచిదే, దారే తప్పింది, చూసుకో" అని అల్లాకు విన్నవిస్తోందని ఆమెకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఇలా ఒకరినొకరు స్వర్గానికి ఈడ్చుకుపోయే పనిలో ఉండగానే ఏళ్లు గడిచాయి. ఈలోగా గోడ మీదుగా చేపల పులుసూ పనసతొనలూ జ్వరం మాత్రలూ అటూ ఇటూ తిరిగాయి. ఏలికుట్టికి బీవాత్తును ప్రేమించడం వచ్చేసింది. అర్థం చేసుకోవడానికే తీరిక దొరకలేదు.

మనవరాలి జ్ఞానస్నానానికి విందు పెట్టాల్సి వచ్చింది. అంతమందికి వండే పాత్ర ఏలికుట్టి ఇంట్లో లేదు. బీవాత్తు అటక మీద నుంచి కళాయి పోసిన రాగి గుండిగను దింపించి ఇచ్చి, మంజేరిలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్లింది. గొడ్డుమాంసం అందులో వండమని వంటవాళ్లకు చెప్పి ఏలికుట్టి చర్చికి వెళ్లింది.

ఆమె తమ్ముడు అవరాచ్చన్ పాలా నుంచి జీపులో వస్తూ వస్తూ పంది మాంసం పట్టుకొచ్చాడు. విందంటే అతనికి అదే. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద పాత్ర ఏదని చూసి, గొడ్డుమాంసాన్ని వేరే గిన్నెలకు మార్పించాడు. చర్చి నుంచి వచ్చిన ఏలికుట్టి మూత తీసి చూసి, తమ్ముణ్ణి కేకేసింది.

"ఎవర్నడిగి ఇందులో వేశావురా?"

"పాత్రనడగాలా? ఉడికిపోయింది కూడా. బూడిదేసి తోమి ఇచ్చేయ్ అక్కా. గుండిగ నోరు తెరిచి సాక్ష్యం చెప్పదుగా."

అతిథులు లొట్టలేసుకుంటూ తిన్నారు. ఏలికుట్టి మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఆ సాయంత్రమే గుండిగను చింతపండు పెట్టి అద్దంలా తోమింది. ఎంత మెరిస్తే అంత భయమేసింది. మర్నాడు ఫాదర్ కురియన్ దగ్గరకు వెళ్లి పాపసంకీర్తనం చేసుకుంది. కుర్ర ఫాదర్ నవ్వు ఆపుకుంటూ అంతా విన్నాడు.

"దేవుడు క్షమించాడు చేట్టత్తీ. గుండిగ మాత్రం దేవుడిది కాదు కదా."

"ఆవిడకు చెప్పాలంటారా? చెప్పకపోతే ఆవిడకు బాధే ఉండదు కదా ఫాదర్."

"బాధ ఆవిడకు ఉండదు, నిజమే. మీకుంటుంది."

బీవాత్తు తిరిగి రాగానే ఏలికుట్టి గోడ దగ్గర నిలబడి చెప్పేసింది. తమ్ముణ్ణి సాకుగా ముందు పెట్టబోయి, మళ్లీ తనే ఆపుకుంది. బీవాత్తు గోడ మీది చేతులు తీసేసి, "అది మా ఉమ్మది, నన్ను కన్నతల్లిది. ఉమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్లకు అందులోనే వండాం" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఇన్నేళ్లుగా పక్కనే ఉన్నా ఆ గుండిగ ఎవరిదో తనెప్పుడూ అడగలేదన్న సంగతి ఏలికుట్టికి అప్పుడు తట్టింది. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు పొద్దున బీవాత్తు కొంగు బిగించుకుని ఏలికుట్టి పెరట్లోకి వచ్చింది.

"మసీదులో మతపాఠాలు చెప్పే ఉస్తాద్‌ని అడిగించా. ఏడుసార్లు కడగాలంట. అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్లతో. శుభ్రమైన మట్టి. మీ తోటది వద్దు, ఎరువులేశారు."

ఏలికుట్టి బావి గట్టున కూర్చుని తోమడం మొదలుపెట్టింది. సాయానికి వంగిన బీవాత్తు చేతిని తోసేసింది.

"నా పాపం. నేనే తోముకుంటా."

"తోముకో. ఇప్పుడెన్నోది?"

"నాలుగు."

"మూడే."

"నాలుగు. రోజూ జపమాల పూసలు లెక్కపెట్టేదాన్ని, నాకు లెక్క తప్పదు."

"మీ మనవరాలికి ఒక్కసారి నీళ్లు పోస్తే సరిపోయింది. నా గుండిగకు ఏడుసార్లా. ఏం పాపం చేసిందో పాపం."

"గుండిగ పెద్దది కదా మరి," అంది ఏలికుట్టి నడుం పట్టుకుని. బీవాత్తు పైకే నవ్వేసింది. ఆ నవ్వుతో ఏలికుట్టికి ధైర్యం వచ్చి, ఇన్నేళ్లూ అడగనిది అడిగింది. "అది తింటే ఏమవుతుందే మీకు?"

"ఏమీ అవదేమో. దేవుడు వద్దన్నాడు, మానేశాం. నువ్వు శుక్రవారం మాంసం ఎందుకు ముట్టవు?"

"ప్రభువు మరణించిన రోజు. గొంతు దిగదు."

"మాకూ దిగదు. ఇష్టమైనవాడు వద్దంటే కారణం అడుగుతామా? మా ఆయన కూరలో కొబ్బరి వద్దనేవాడు. నేనడిగానా?"

"అడిగే ఉంటావు."

"అడిగాలే. దేవుణ్ణి మాత్రం అడగలేదు."

తర్వాతి శుక్రవారం బీవాత్తు ఆ గుండిగలోనే నేతి అన్నం వండి చుట్టాలను పిలిచింది. జరిగింది దాచకుండా చెప్పింది కూడా. ఒక ముసలి పిన్ని విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. బీవాత్తు ఆపలేదు, తను వడ్డించుకుని తినసాగింది. గోడ ఇవతల నుంచి అది చూసిన ఏలికుట్టి ఇంట్లోకి పోయి ముక్కు చీదుకుంది. కోడలు అడిగితే జలుబంది.

అవరాచ్చన్‌కు ఇదంతా పాలాలో పదిమందిలో చెప్పుకుని నవ్వే కథయింది. ఆ మాట ఏలికుట్టి చెవిన పడింది. ఓనం సెలవులకు అతను మళ్లీ వచ్చినప్పుడు, కాఫీ కూడా ఇవ్వకుండా గోడ పక్క దారి చూపించింది.

"నడు. ఆ గుమ్మంలో నిలబడి చెప్పిరా."

"ఏం చెప్పాలి? వాళ్లు అసలే..."

"వాళ్లెవరు? ఆవిడకో పేరుంది. దాంతో మొదలుపెట్టు."

అరవయ్యేళ్ల మనిషి బడికి ఆలస్యమైన పిల్లాడిలా వెళ్లి బీవాత్తు గుమ్మంలో తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక వానల గురించి, రబ్బరు ధర గురించి మాట్లాడాడు. బీవాత్తు అన్నీ వింది, దేనికీ సాయం చేయలేదు. చివరికి, "ఆ రోజు తప్పు నాది" అని నేలకేసి చెప్పాడు.

ఆమె లోపలికి వెళ్లి పళ్లెంలో పత్తిరి రొట్టెలూ కోడికూరా తెచ్చి అతని ముందు పెట్టింది.

"తిను. భయపడకు. మా గిన్నెల్లో ఏం వండామో మాకు తెలుసు."

అవరాచ్చన్ తలెత్తకుండా తిన్నాడు. రెండోసారి కూర వేయించుకున్నాడు కూడా.