గొర్రెల కాపరి ముక్కు మీద పసుపు

నా చేతులు చేసిన నిర్వాకాల్లో దీన్ని మించింది లేదు. ఓ మనిషిని నిక్షేపంగా ఉండగానే పసుపు రంగు కింద పూడ్చేశాను. కంగారు పడకండి, బొమ్మలో మనిషే. కానీ ఆ రోజు మరియమ్మత్త ముందు నిలబడ్డప్పుడు నాకా తేడా తెలియలేదు.

యాంగోన్‌లో, అదే మన రంగూన్‌లో, పిల్లలు కాలేజీలు వదిలి రోడ్లెక్కిన ఏడాది అది. లమ్మడా పేటలో మాది పటాలు కట్టే కొట్టు. బయట ఊరేగింపులు, తుపాకులు. లోపల నేనూ, ఈగలూ. అలాంటప్పుడు పక్క పేట అహ్లోన్ నుంచి మరియమ్మత్త ఓ పాత తైలచిత్రం చంకన పెట్టుకుని వచ్చింది. వాళ్ల తాత రేవులో పనిచేసేటప్పుడు ఎవరో దొర వదిలేసి పోయాడట.

"సట్రం మూల ఊడిపోనాది, బిగించీ సాలు. రేపిచ్చీ. అది గోడ మీద నేకపోతే నాకు పొద్దుపోదు."

చూస్తే పశువుల పాకలో బాలయేసు. వెలుగంతా ఆ పసివాడి ఒంట్లోంచే వచ్చి, తల్లి చెంప దాకా పాకి ఆగిపోయింది. మిగతాదంతా మసి. మా కొట్టుకొచ్చే దేవుళ్లకి కిరీటం నుంచి కాలిగోటి దాకా వెలుగే. దీపాల పొగ పడితే తుడిచి మరీ ఇవ్వడం మా ఆనవాయితీ. తుడిచాను. చీకటి కదల్లేదు. పాపం, గీసినాయన దీపం వెయ్యడం మర్చిపోయాడనుకున్నాను. బయటి సరుకు రాని దేశంలో మంచి రంగులెక్కడివి? బోర్డులు రాయగా మిగిలిన పసుపుతో బొమ్మలో ఓ చీకటి మూల దీపపు కుంది వెలిగించాను.

మర్నాడు అత్త వచ్చి ఆ కుందికేసి వేలు చూపించింది.

"ఈ మూల గొర్రెల కాపరి ఉండాల. ఏడిరా?"

"అక్కడెవరూ నేరత్తా. అంతా సీకటే కదా."

"ఆ సీకట్లోనే ఉన్నాడు. పొద్దున్న ఎండ తగిల్తే సెంపొక్కటి అవుపిస్తాది. మా కుర్రోడు డానియేలు ఊరేగింపుకెల్లి ఇంటికి రానేదు. ఎక్కడో దాక్కున్నాడని కబురొచ్చింది. ఆ సెంప సూసుకునే గంజి తాగతన్నాను." ఇంకా నెమ్మదిగా అంది: "దాక్కున్నోడి మొకం మీద దీపం ఎడతావేట్రా?"

నాకు ఏడుపొచ్చింది. వానాకాలం పుణ్యమా అని రంగింకా ఆరలేదు. పుల్లకి దూది చుట్టి, కిరసనాయిల్లో ముంచి, పూటంతా అద్దుతూ కూర్చున్నాను. చెంప బయటపడింది. ముక్కు మీద పసుపు మాత్రం పోలేదు.

అత్త తేరిపార చూసింది. "ముక్కే కదా, పరవానేదు. దాన్ని బట్టి ఎవులూ పోల్చనేరు."

కొన్ని నెలలకి డానియేలు ఇంటికొచ్చాడు, సగమై. అన్నం తింటూ గోడకేసి చూసి అడిగాడట: "ఆడి ముక్కుకేటయినాది?"

ఆ పూటే ఘనంగా ఒట్టేసుకున్నాను, అడక్కుండా ఎవరి చీకట్లోనూ దీపం పెట్టనని. ఇప్పటికీ కరెంటు పోతే అగ్గిపుల్ల పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోతాను. "లోపల ఎవులైనా దాక్కున్నారేటి? ఎలిగించమంటారా?"