విత్తనపు పసుపు ఉడకబెట్టిన కోడలు

ఆ రోజుల్లో ఆడపిల్ల ఏడో తరగతి చదివిందంటే మా జడ్చర్లలో గొప్పే. నాకైతే ఆ గొప్ప నెత్తికెక్కింది కూడా. మా బాపుది కిరాణా దుకాణం. పసుపు గోనెసంచిలోంచి వస్తుందని తెలుసుగానీ, అంతకుముందు అది ఎక్కడుంటుందో నేనెన్నడూ ఆలోచించలేదు. అలాంటి నన్ను మోత్కూరు దగ్గర వ్యవసాయం చేసే ఇంటికి కోడలిగా ఇచ్చారు. అక్కడ మా అత్తమ్మకు బావి పక్కన, జామచెట్టు నీడలో, నాలుగు మంచాలంత పసుపు మడి ఉండేది. ఆ విత్తనం ఆమె పెళ్లినాడు వాళ్లమ్మ ఒడిలో పెట్టి పంపిందట. తల్లి పోయి ఏళ్లయినా ఆ మడి మాత్రం ఏటా మొలిచేది. అత్తమ్మ కూడా తన కూతురి ఒడిలో అదే విత్తనం పెట్టి అత్తారింటికి సాగనంపింది. ఊళ్లో ఎవరికి దగ్గొచ్చినా పసుపు పాలు, కాలు బెణికితే పసుపూ సున్నం, పడిశం పడితే కాల్చిన కొమ్ము పొగ, అన్నీ మా ఇంటినుంచే. (నేను పప్పులో చిటికెడు ఎక్కువేస్తే మాత్రం చీవాట్లు.)

కాపురానికి వెళ్లిన మొదటి ఏడే, పసుపు తవ్విన వారానికి, మనవడికి తట్టు పోసిందని కబురొచ్చింది. అత్తమ్మ వేపమండలూ పసుపూ మూటగట్టుకుని కూతురి ఊరికి బయలుదేరుతూ, "కొమ్ములు మెత్తగ ఉడకబెట్టి ఎండబొయ్యి బిడ్డా" అంది. కొమ్ముల కుప్ప వాకిట్లో ఉంది. జామచెట్టు కింద ఆకులు కప్పిన గుండ్రటి దుంపల కుప్ప ఇంకొకటి ఉంది. పాపం, తొందరలో రెండోది చెప్పడం మరిచిపోయిందనుకున్నాను. చెప్పని పని కూడా చేసి శభాష్ అనిపించుకోవాలని రెండు కుప్పలూ కాగులో పోసి, పొగకు కళ్లు మండుతున్నా బ్రహ్మాండంగా ఉడికించాను. నిప్పు కోసం వచ్చిన పక్కింటి పెద్దమ్మ కాగులోకి తొంగిచూసి, "గీ గుండ్లెందుకేసినవ్ పిల్లా? గది విత్తనం! ఉడికినంక మొలుస్తదా?" అని నోటిమీద చెయ్యేసుకుంది. ఎవరికీ చెప్పొద్దని పెద్దమ్మను బతిమాలుకుని, గంపెడు ఉడికిన గుండ్లను మళ్లీ ఆకుల కింద కప్పేసి, మిగతావి కొమ్ములతో కలిపి ఎండబోశాను. (నా ఏడో తరగతి తెలివి పనికొచ్చింది ఇక్కడే.)

మనవడు కోలుకున్నాక అత్తమ్మ తిరిగొచ్చింది. ఎండిన పసుపు చూసి, "గీ యేడు మస్తయింది. ఎన్నడు గింత గాలె" అంది. "భూమి మంచిగున్నదత్తమ్మా" అన్నాను. తొలకరి పడ్డాక ఆమె ఆకులు తీసి, ఒక గుండు వాసన చూసి, గంప నా చేతికిచ్చింది. "ఈపారి నువ్వే పెట్టు. నీళ్లు గూడ నువ్వే పొయ్యి." పెట్టాను. పోశాను. ఇరవై రోజులు పోశాను. అత్తమ్మ రోజూ గట్టుమీద కూర్చుని, "ఏం బిడ్డా, మొలిచిందా?" అని అడిగేది. "వానలు సరిగ లేవు గదత్తమ్మా" అనేదాన్ని. ఆమెకు తల్లి గుర్తుగా మిగిలిందాన్ని నా చేతులతో మట్టిపాలు చేశానని లోలోపల కుమిలిపోయేదాన్ని.

ఒక పొద్దున కడవతో వస్తూ రాయి తగిలి బొటనవేలు చిట్లింది. అత్తమ్మ పసుపు నూరి తెచ్చి అద్దుతూ, "మా అమ్మ పసుపు బిడ్డా, ఎల్లుండికి మానుతది" అంది. ఇక నావల్ల కాలేదు.

"అత్తమ్మా, విత్తనం నేనే ఉడకబెట్టిన" అని బావురుమన్నాను.

ఆమె వేలికి గుడ్డ కట్టడం ఆపలేదు. "ఎరుకనే. ఎండిన కొమ్ములల్ల గుండ్లు చూసిన్నాడే ఎరుక."

"మరి నాతోని గిన్ని దినాలు నీళ్లెందుకు పోయించినవ్?"

"ఎన్నడు చెప్తవో అని చూసిన. ఇంకో నాలుగు దినాలైతె నేనే చెప్పేదాన్ని, నీ అవస్థ చూడలేక" అని నవ్వి, వంటింటి మూలనుంచి తడి గోనెపట్టా తెచ్చి విప్పింది. కూతురి దగ్గరనుంచి ఎప్పుడో తెప్పించిన గుండ్లు, ఒక్కోదానికి వేలెడు మొలక. "మా అమ్మది యాడికి పోలె. ఫికర్ చెయ్యకు. జర జల్ది పెట్టు, అదును పోతాంది."

కుంటుకుంటూనే పెట్టాను. వారం తిరక్కుండా మడంతా పచ్చగా పొడుచుకొచ్చింది. నేను మాత్రం దానిముందు నిలబడి మళ్లీ ఏడ్చాను.

అత్తమ్మ పోయాక నా కూతురి పెళ్లి చేశాను. ఒడిలో ఐదు గుండ్లు పెట్టి, "ఇవి ఉడకబెట్టకు బిడ్డా" అని చెవిలో చెప్పాను. "ఎవలన్న విత్తనం ఉడకబెడతరా అమ్మా!" అని అది కిలకిలా నవ్వింది. నేనూ నవ్వాను. దానికి అసలు సంగతి చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు దాని జుట్టూ నెరిసింది. అయినా ఎందుకో ఇంకా నోరు రాలేదు.