వదిన వేలి కింది చప్పుడు

మా వదిన రేడియోలో వార్తలు చదువుతుంది. కళ్లు కనిపించవు. వేలితో తడిమి నోటితో చెబుతుంది. ఇన్నాళ్లూ దళసరి కాగితాల మీది బ్రెయిలీ చుక్కలతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు వార్తలు చివరి నిమిషంలో మారుతున్నాయని, స్టేషన్‌వాళ్లు ఒక బ్రెయిలీ డిస్‌ప్లే ఎంచుకోమన్నారు. కంప్యూటర్‌కి తగిలించే పెట్టె అది. అక్కడి మాటలు దీని మీద చుక్కలై లేస్తాయి. చదివి మీట నొక్కితే అవి దిగిపోయి తర్వాతి వరస లేస్తుంది.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఈవిడ మాత్రం తిండి మీద ధ్యాస లేకుండా తిరుగుతోంది. మా అన్నయ్యకు ఇవేవీ పట్టవు, ఇల్లు కూలినా పేపరు దించడు. అందుకని దుకాణానికి నేనే వెంట వెళ్లాను.

దుకాణం ఆయన మొదటి పెట్టె పెట్టాడు. "సాయంత్రానికి గాలి తగ్గి ఆకాశం తేటపడుతుంది," అని నెమ్మదిగా చదివింది వదిన. "మణికట్టు గాల్లో వేలాడుతోందండీ. కాసేపటికే చెయ్యి పీకేస్తుంది."

రెండో దాంట్లోనూ అదే వాక్యం. చేతులు బల్లకు హాయిగా ఆనాయి, చుక్కలు గట్టిగా ఉన్నాయి. కానీ వరస మారినప్పుడల్లా టకటకమంటోంది.

"మైకు ఊరుకుంటుందా? నేను పళ్లు కొరుకుతున్నాననుకుంటారు," అంది. నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు.

మూడోదాని చుక్కలు మెత్తన, చప్పుడే లేదు. వదిన వేలు పెట్టి మళ్లీ సాయంత్రం, గాలి, ఆకాశం అంటూ గడగడా చెప్పేసింది. "ఇదే ఇచ్చేయండి."

నేను తన వేలినే చూస్తున్నాను. చదివేటప్పుడు వదిన వేలు అక్కడక్కడా ఆగుతుంది. ఇప్పుడు ఎక్కడా ఆగకుండా జారిపోయింది.

దుకాణం ఆయన గొంతు తగ్గించాడు. "కంఠతా వచ్చేస్తుందని దీంట్లో వాక్యం మార్చానమ్మా. ఇక్కడున్నది అది కాదు."

వదిన చెయ్యి ఒళ్లోకి తీసేసుకుంది. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

"ఎప్పట్నుంచి వదినా?"

"చాన్నాళ్లయింది. షుగర్ వల్లట. చుక్కలు మెత్తగా ఉంటే వేలికి తెలియట్లేదు."

"చెప్పవేం? మేం పరాయివాళ్లమా?"

"చెబితే నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతారు. మీ అన్నయ్య ఇక చాల్లే, ఇంట్లో ఉండమంటాడు. ఇంట్లో ఉండి నేనెవరికి చదవను?"

గట్టి చుక్కల పెట్టెనే, స్టేషన్‌లో చూసి చెబుతామని అడిగి పట్టుకెళ్లాం.

స్టూడియోలో అద్దానికి అవతల ఇంజినీరు, ఇవతల మేము. వదిన చదవడం మొదలుపెట్టింది. వరస మారింది. టకటక. ఇంజినీరు చెయ్యెత్తాడు.

"ఆగండమ్మా. ఏంటా చప్పుడు?"

బల్ల వదులైందని అబద్ధం ఆడబోయాను. వదిన నాకంటే ముందే అందుకుంది.

"నా వేలు మొద్దుబారిందండీ. మెత్తని చుక్కలు అందట్లేదు, ఇవైతేనే అందుతున్నాయి. అది నేను చదువుతున్న చప్పుడు."

వదిన వేలు ఆ వరస మీదే ఉంది. ఇంజినీరు లోపలికొచ్చి పెట్టె కింద మడతపెట్టిన తువ్వాలు వేశాడు. మైకును ఆమె నోటి దగ్గరకు జరిపాడు.

"ఇంకా కాస్త వినపడుతుందమ్మా," అన్నాడు.

"విననివ్వండి," అని వదిన మీట నొక్కింది.