మైకులున్నది తీస్కో

మా డీజే అన్న పోయాడని నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఉప్పల్ చుట్టుపక్కల సౌండ్ పని చేసేవాళ్ల గ్రూపు అది. పైన ఎవరో పాత యాంప్లిఫయర్ అమ్మకానికి పెట్టారు, కింద అన్న ఫొటో, దండం పెట్టే బొమ్మ. నాచారంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర టిఫిన్ డబ్బా తెరుస్తూ చూశాను. ఆ శుక్రవారం పొద్దున స్నానానికి లేచి కూలిపోయాడట, దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. నేను తేరుకోకముందే గ్రూపులో ఒకడు యాంప్లిఫయర్ ఇంకా ఉందా అని అడిగాడు.

మీలో ఈ వైపు పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు ఆయన గొంతు వినే ఉంటారు. ముఖం చూసి ఉండరు. డీజే ముఖం ఎవరు చూస్తారు? సౌండ్ పెంచమని ఒకరు, తగ్గించమని ఒకరు వస్తారు, తిట్టి పోతారు. అన్నాల దగ్గర మేము అందరికంటే చివర గుర్తొస్తాం. సెలవు రోజుల్లో ఆయన వెంట స్పీకర్ బాక్సులు మోస్తూ ఏడేళ్లు ఇదంతా చూశాను. నాకు ఫ్యాక్టరీ నేర్పిన దానికంటే ఆయన నేర్పిందే ఎక్కువ.

ఆయన పద్ధతి వేరు. బాక్సులు దించగానే ఇంటివాళ్లలో ఒక పెద్దావిడను పట్టుకుని చుట్టాల పేర్లు అడిగేవాడు. మేనమామ ఎవరు, ఆడబిడ్డలు ఎందరు, అలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా. అన్నీ చీటీ మీద రాసుకునేవాడు. ఇక మైకు పట్టాడంటే, "మేనమామ కుర్సీ ఇడిస్తెనే పాట నడుస్తది, లేకుంటే నేను గూడ కూసుంట" అని పాట ఆపేసేవాడు. పాపం ఆ మేనమామకు లేవక తప్పేది కాదు. అలిగినవాళ్లను మాత్రం మొదట పిలవడు. "మొదలే పిలిస్తె ఇంక బిగుసుకుంటరు రా, రెండు పాటలు కానీ" అనేవాడు. చిల్కానగర్‌లో ఓసారి మాటల్లేని అన్నదమ్ములిద్దరిని అట్లాగే కలిపి ఆడించాడు. మర్నాటి నుంచి వాళ్లకు మళ్లీ మాటల్లేవని తెలిసి నేను నవ్వితే, "ఒక్క పాటంత సేపన్న కలిసిన్రు గద" అన్నాడు.

ఆయనకు ఒకటే కోరిక. "బాక్సుల ఎనక నిలబడెటోనికి ముందల ఎట్ల ఇనిపిస్తదో ఏమెరుక? నా గొంతు నేను ఒక్కపారి ముందల్నించి ఇనాలె." ఫోన్‌లో తీస్తే ఆ సౌండుకు అంతా గరగర. అందుకని మంచి రికార్డర్ చూడమని నాకు చెప్పాడు. నేను ఐటీఐ చదివినవాణ్ణి, నాలుగు వీడియోలు చూసినవాణ్ణి, ఇంకేం కావాలి.

రామంతాపూర్‌లో చాయ్ తాగుతూ రెండు మోడళ్లు చూపించాను. ఒకదానికి నెత్తి మీద రెండు మైకులు. ఇంకోదానికి మైకుల్లేవు, పాటనూ మైకునూ కలిపి బాక్సులకు పంపే మిక్సర్ నుంచి వైరు కలిపితే పాట నేరుగా ఎక్కుతుంది.

"మైకులున్నది తీస్కో," అన్నాడు.

"దాంట్ల గోల పడ్తదన్నా. ఈలలు, జనరేటరు, పిల్లల ఏడ్పులు."

"గోల గాదు రా, జనం. పాటలు అందరి ఫోన్ల ఉంటయ్. పిలుపు యాడుంటది?"

"నీకు సమజ్ కాదన్నా. క్వాలిటీ అని ఒకటుంటది."

ఆ మాట నేనే అన్నాను, జీవితమంతా చెవుల మీద బతికిన మనిషితో. "సరే, నీకే ఎరుక," అని గ్లాసు కింద పెట్టాడు. కోపమైనా చేయలేదు. చేసి ఉంటే ఇప్పుడు నాకు కాస్త నయంగా ఉండేది.

పీర్జాదిగూడలో ఓణీల ఫంక్షన్, మధ్యాహ్నం. అదే ఆయన ఆఖరి ప్రోగ్రామ్ అని ఎవరికి తెలుసు. నేను మైకుల్లేనిదే కొని తెచ్చాను, మిక్సర్ వెనక రికార్డింగ్ కోసం ఉన్న సాకెట్లో దాని వైరు పెట్టాను. రికార్డర్ మీద ఎర్ర లైటు వెలిగిందంటే సౌండు పగిలిపోయినట్టే. పూటంతా ఆ లైటునే కనిపెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి కూడా వెలగలేదు.

సామాను ఎక్కిస్తూ, "వచ్చిందారా?" అన్నాడు.

"మస్తొచ్చిందన్నా."

"ఐతారం ఇందాం తియ్."

ఆ ఆదివారం దాకా ఆయన లేడు.

పదకొండో రోజు వదిన పక్కకు పిలిచింది. "ఆయన గొంతు నీ దగ్గర ఉన్నదట గద తమ్మీ. జర ఇనిపియ్." రికార్డర్, ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. కళ్లు మూసుకుని ఒక పాట విన్నది, రెండో పాట విన్నది.

"ఈయన ఎప్పుడు మాట్లాడ్తడు?" అంది.

ఒక ఇయర్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. పాటలు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే నాకు ఒళ్లు మండింది. ఆ మిక్సర్‌లో మైకు గొంతు బాక్సులకే పోతుంది, రికార్డింగ్ వైరులోకి పోదు. పోవాలంటే ఇంకో బటన్ నొక్కాలి. నేను నొక్కలేదు. ఆయన చెప్పిన రికార్డర్ తెచ్చి బల్ల మీద పెట్టి ఉంటే, ఏ బటనూ లేకుండా గొంతు పడేది. వదినకు ఇదంతా చెప్పాను. ఆమె ఇయర్‌ఫోన్ తీయలేదు.

కాసేపటికి పాట ఉన్నట్టుండి సన్నబడి, మళ్లీ పెరిగింది. మాట్లాడే ముందు అన్న పాటను కిందికి లాగేవాడు.

"గిక్కడ మాట్లాడిండు గద. ఏమన్నడు తమ్మీ?"

నాకు తెలియదు. నేను ఆయన పక్కనే ఉన్నాను. లైటు చూస్తున్నాను.

వదిన వేలితో సైగ చేసింది, వెనక్కి తిప్పమని. తిప్పాను. పాట మళ్లీ సన్నబడింది. ఆమె ఇయర్‌ఫోన్‌ను అరచేత్తో చెవికి అదిమి పట్టుకుంది.