పెద్దమ్మ బాత్రూంలో బుగ్గ

మా పెద్దమ్మ పోయింది. చొప్పదండి నుంచి వదిన ఫోన్ చేసి, "అత్తమ్మ తానానికి పోయి జారిపడ్డది, ఇగ లేవలే" అంది. చెన్నూరులో బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. అంతకు ముందు కోపం వచ్చింది. ఆమె ఎందుకు పడిందో వదిన చెప్పకపోయినా నాకు తెలుసు. ఆ బాత్రూంలో వెలుతురు లేదు. మొన్నటి వానాకాలం నుంచీ లేదు.

మా అమ్మకు పెద్దక్క ఆమె. నా హైస్కూలు చదువంతా ఆమె ఇంట్లోనే సాగింది. శుభ్రం విషయంలో ఆమెకున్నంత పట్టుదల నేనెవరిలోనూ చూడలేదు. చేతులు కడుక్కునే ముందు నల్లాను కడిగేది. ఎవరైనా కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లో అడుగు పెడితే ముక్కు ముడిచి "ఛీ, గలీజు!" అనేది. వచ్చింది సర్పంచైనా సరే, కొత్తల్లుడైనా సరే. అప్పట్లో స్నానం పెరట్లో తడక చాటున. పొద్దు గూకితే నాకు భయం. ఆమె కందిలి దీపం పట్టుకుని, తడకకు వీపు తిప్పి నిలబడి, నేను బయటికి వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. "చెవుల ఎనుక రుద్దినవా? మెడ రుద్దినవా? ఆగమాగం గాకు బిడ్డా, నేనేడికి పోను" అనేది. తల్లి కూడా అంత ఓపికగా నిలబడదు.

తర్వాత ఆమె కొడుకు, నాకు అన్న, ఇల్లు బాగు చేయించాడు. హాలుకు ఫాల్‌సీలింగ్ వేయించి రంగులు మారే లైట్లు పెట్టించాడు. రిమోట్ ఒకసారి నొక్కితే నీలం, ఇంకోసారి నొక్కితే గులాబీ. వచ్చిన ప్రతివాళ్ళకూ అది చూపించేదాకా చాయ్ కూడా ఇచ్చేవాడు కాదు. వెనకాల బాత్రూంకు మాత్రం ఒక్కటే బుగ్గ, మీరు బల్బు అంటారే, అది. దాని స్విచ్చు నల్లా పక్కనే, సరిగ్గా నీళ్ళు చిందే చోట. గీజరు కొన్నప్పుడు వేరే వైరు లాగకుండా ఆ బుగ్గ వైరుకే ముడేశారు. ఎర్తు అనే మాటే లేదు. ఆ రోజు నుంచి స్విచ్చు ముట్టుకుంటే జిల్లుమనేది.

మీరు నమ్ముతారో లేదో, ఇంటిల్లిపాదీ ఆ స్విచ్చును చెప్పుతో కొట్టి వేసేవాళ్ళు! అందుకోసమని ఒక రబ్బరు చెప్పును తలుపు పక్కన మేకుకు తగిలించారు. డిగ్రీలు చదివినవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు, లైటు వేయడానికి చెప్పు ఎత్తడం. చూస్తేనే రోత పుట్టేది నాకు. పెద్దమ్మ ఆ చెప్పును ముట్టుకునేది కాదు. ఒకసారి చేత్తోనే వేసి, భుజం దాకా గుంజుకుపోయి కూలబడింది. "తడి చేతులతోని ఎందుకు ముడుతవే అవ్వా?" అంటూ అన్న తల్లిని కసిరాడు. ఆమె ఊరుకుంటుందా?

"బాత్రూంల చెయ్యి తడిగుండక పొడిగుంటదారా?" అంది.

కరెంటు పని చేసే మనిషిని పిలిచారు. బోర్డు బయటికి తీయాలి, ఎర్తు వేయాలి, గోడ కొట్టాలి అన్నాడతను. "కొత్త టైల్స్ ఖరాబైతయ్, జర ఆగు" అని అన్న పంపేశాడు. వానలకు గోడ చెమ్మగిల్లి స్విచ్చు చిటపటమని నల్లగా మాడింది. బుగ్గా పోయింది, గీజరూ పోయింది. షాకు పీడ విరగడైందని అందరూ సంతోషించారు, అంతే! గాలికిటికీకి ఎదురుగా పక్కింటి గోడ లేచింది కాబట్టి లోపల పట్టపగలూ చీకటే. అందరూ ఫోన్ లైటు వేసుకుని పోవడం మొదలుపెట్టారు.

పెద్దమ్మకూ ఒక ఫోన్ ఇవ్వబోయారు. "దొడ్డికి పట్టుకపోయినదాన్నే తెచ్చి చెవుకు పెట్టుకుంటరు, ఛీ! దానికి కండ్లు గూడ ఉంటయట. పెయి మీద బట్టల్లేకుంట నేను దాని ముంగట నిలవడాల్నా?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో ఆమె తర్వాతి మాట కొట్టుకుపోయింది. "నాకు ఫోనద్దు బిడ్డా, గా బుగ్గ పెట్టియ్యిండ్రి." నేను వెళ్ళినప్పుడల్లా "నువ్వన్న చెప్పరాదు మీ అన్నకు?" అనేది. చెప్పేదాన్ని. "రేపు సూస్త" అనేవాడు. ఎప్పుడడిగినా రేపే.

నేను చేరేసరికి వాకిట్లో టెంటు, టెంటు నిండా ట్యూబులైట్లు. ఒకాయన "ఎంత మంచి చావు! ఎవ్వలతోని చేపిచ్చుకోకుంట పోయింది" అన్నాడు. ఇంకొకామె "దేవుడు పిలిసిండు" అంది. థూ! దేవుడు పిలిచేవాడైతే హాల్లోకే పిలిచేవాడు, అక్కడ రంగురంగుల లైట్లున్నాయి కదా. శవం ముందు నోరు పారేసుకోవద్దని పళ్ళు బిగపట్టుకున్నాను.

దహనం చేసి వచ్చాక చిన్నాయన, అంటే పెద్దమ్మ మరిది, అందరినీ పిలిచాడు. "పానం పోయిన జాగల దీపం వెట్టాలె. పదొద్దులు ఆరిపోవద్దు" అన్నాడు. ప్రాణం పోయిన జాగ బాత్రూమే. మట్టి ప్రమిద తెచ్చారు. ఆ పది రోజులూ ఏ పూట ఎవరు నూనె పోయాలో అనుకున్నారు. గాలి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టారు. పెట్టినప్పటి నుంచీ తలుపు తీసి తొంగి చూడనివాళ్ళు లేరు.

"నూనె సూసినవా? ఒత్తి సూసినవా? జర సూడు, అవ్వకు చీకటైతది" అంటూ మా అన్న, వదిన మీద అరుస్తున్నాడు.

అవ్వకు చీకటవుతుందట! ఆమె బతికుండగా ఆ ఇంట్లో ఒక్కరి నోటా రాని మాట అది. ఇక ఆగలేక అతని ముఖం మీదే అన్నాను. "బతికున్నప్పుడే అయింది గదనే అన్నా చీకటి."

అతను నూనె సీసా నా చేతిలో పెట్టి అవతలికి పోయాడు.

నూనె పోయడానికి నేనే లోపలికి వెళ్ళాను. చాలా నెలల తర్వాత ఆ గదిలో వెలుగుంది. నల్లా కింద పచ్చగా పాకుడు. ఆ మనిషి ఆ పాకుడు మీదే నిలబడి రోజూ స్నానం చేసింది. టైల్స్ పైన తెల్లటి గోడ మీద, తలుపు నుంచి నల్లా దాకా, ఆమె భుజమంత ఎత్తులో, ఒకదాని వెంట ఒకటి అరచేతి మరకలు. పట్టుకున్న చోటే పట్టుకుని తడుముకుంటూ పోయినందుకు నల్లబడిన మరకలు. అవి చూస్తే ఆమె క్షణం ఊరుకునేది కాదు, తడిగుడ్డ తెచ్చి గోడంతా తుడిచేది. ఆమెకు అవి కనిపించలేదు.