చెవితో నడిపినవాడు

మా మావయ్య రేసు కారు నడుపుతాడంటే ఆయన్ను వీధిలో చూసినవాళ్ళెవరూ నమ్మేవారు కాదు. బజారులో ఆయన కారును సైకిళ్ళు దాటిపోయేవి. ప్రతి మలుపులోనూ ఆగి, పక్క సందులోంచి పిల్లి వస్తోందేమో చూసుకుని మరీ కదిలేవాడు. అందుకే పేటంతా ఆయన్ను 'నత్త' అనేది.

"వేగంగా పోవాలంటే ఎదురెవరూ రాకూడదమ్మా. బజారులో అందరూ ఎదురొచ్చేవాళ్ళే," అనేవాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పోయి నెల దాటింది. మొన్న అత్తయ్యకు సామాను సర్దడంలో సాయం చేద్దామని వెళ్తే, ఆయన గెలిచిన కప్పుల నిండా బోల్టులూ వాషర్లూ ఉన్నాయి. "బతికుండగా వాటినెప్పుడూ తుడవనివ్వలేదు. ఇప్పుడు తుడవడానికి నాకు ఓపిక లేదు," అంది అత్తయ్య. ఇద్దరం నేల మీద కూలబడ్డాం. నా చంకలోంచి జారిపోయిన పాప ఒక వాషరును నోట్లో పెట్టుకోబోతే లాక్కున్నాను. ఏది గొంతులో అడ్డుపడుతుందో, ఏది పడదో కొలుచుకోవడమే ఈ ఏడాదిగా నా పని.

మావయ్య వారమంతా డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద పొద్దస్తమానం కాలు పెట్టుకుని ఉండేవాడు. సాయంత్రానికి పిక్కలు పట్టేసి మెట్లు ఎక్కలేకపోయేవాడు. ఆదివారాలు మాత్రం ఊరి చివర, వాడకం ఆగిపోయిన రన్‌వే మీద రేసులు. డ్రైవరు సీటు తప్ప మిగతావన్నీ పీకేసిన పాత కారు, అత్తయ్య మోచేతుల దగ్గర అతుకులేసిన డ్రైవింగ్ సూటు. కారు బాగోగులు చూసేది అత్తయ్య తమ్ముడు. ఆయన్ను నేను బాబాయ్ అంటాను. వీళ్ళిద్దరూ పెళ్ళిచూపుల నాడే పెళ్ళికూతురిని వదిలేసి కార్బ్యురేటరు గురించి మాట్లాడుకున్నారని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

మావయ్యకొక పద్ధతి ఉండేది. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ముల్లు మీద నల్ల టేపు అంటించేవాడు. "కన్ను రోడ్డుకి, చెవి ఇంజన్‌కి," అనేవాడు. ఇంజన్ శబ్దం ఒక హద్దు దాటి సన్నగా కీచుమనగానే గేరు మార్చేవాడు. మిగతా డ్రైవర్లు హెల్మెట్ కింద చెవుల్లో దూది పెట్టుకుంటే ఈయన పెట్టుకునేవాడు కాదు. పెట్టుకుంటే ఇంజన్ వినపడదు మరి. ఆ చెవితోనే చాలా ఏళ్ళు గెలిచాడు.

నా పాప పుట్టిన ఏడాది ఆయన ఇంజన్లు వరసగా చెడిపోయాయి. మొదటిది విప్పి చూసి బాబాయ్, "గేరు ఆలస్యంగా మార్చావు బావా. వాల్వులు వంగిపోయాయి," అన్నాడు.

"నా చెవికి నువ్వు పాఠాలు చెప్తావా?"

"చెవికి కాదు, వాల్వులకి చెప్తున్నా."

రెండోసారీ అదే వాదన జరిగింది. మూడోసారి రేసు మధ్యలో పొగ చిమ్ముకుంటూ కారు ఆగిపోయింది. తోసుకుంటూ వచ్చిన అలసటలో, అందరి ముందూ మావయ్య అనేశాడు. "వీడి హస్తవాసి పాడైంది. వీడు ముట్టుకున్న ఇంజన్ బతకదు."

అది పెద్ద కోపంతో అన్న మాట కాదు. కానీ ఆ మాట నడిచి వెళ్ళి ప్రతి కార్ల షెడ్డు తలుపూ తట్టింది. ఆ తర్వాత బాబాయ్‌కి ఇంజన్ అప్పగించినవాడు లేడు. అన్నేళ్ళ పనివాడు టైర్లు మార్చుకుంటూ మిగిలిపోయాడు. అక్క ఇంటికి రావడం మానేశాడు. అత్తయ్య భర్తతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది.

ఒక మధ్యాహ్నం పాపను వాళ్ళింట్లో మావయ్యకు అప్పగించి మందుల షాపుకు వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఏడుపు మెట్ల మీదికే వినపడింది. రెండేసి మెట్లు ఎక్కుతూ తలుపు తోసి చూద్దును కదా, మావయ్య ఉయ్యాలకు వీపు పెట్టి ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నాడు. వెనక పాప ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"మావయ్యా, వినపడటం లేదా?"

ఆయన వెనక్కి తిరిగి చూసి గబుక్కున లేచాడు. "ఇప్పుడే మొదలెట్టిందా?"

ఇప్పుడే కాదు. పాప గొంతు బొంగురుపోయింది. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది, ఆ తర్వాత చదువుకున్నది గుర్తొచ్చింది. చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. పెద్ద మోతకు అవి రాలిపోతే మళ్ళీ మొలవవు. ముందు పోయేది సన్నని స్వరాలు పట్టేవే. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఫోనులో అంతకంతకూ సన్నబడుతూ పోయే శబ్దం పెట్టాను. వినపడినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచమని మావయ్యకు చెప్పాను. కాసేపటికి మావయ్య చెయ్యి దిగిపోయింది. పాప మాత్రం ఫోను వైపే తల తిప్పి చూస్తోంది.

మావయ్య పాపను చూశాడు, ఫోనును చూశాడు. "ఇంకా మోగుతోందా?" అన్నాడు.

"మోగుతోంది."

పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "ఇంజన్ కీచుమనేది నాకు వినపడట్లేదన్నమాట. వినపడేదాకా తొక్కుతున్నాను," అన్నాడు.

నా వెనకే బజారునుంచి వచ్చిన అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "మీరీ మాట బయట చెప్తే మీ రేసు లైసెన్సు పోతుంది. చెప్పకపోతే మా తమ్ముడి పేరు పోయినట్టే ఉంటుంది. నాకు ఇద్దరూ కావలసినవాళ్ళే. నన్ను మాత్రం అడక్కండి," అంది.

ఆ వచ్చే ఆదివారమే ఆ ఏడాది చివరి రేసు. ఆ వారమంతా మావయ్య పాఠాలు చెప్పి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో పడుకునేవాడు. ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. ఆదివారం నేనూ వెళ్ళాను, పాప చెవులకు మోత సోకకుండా పెద్ద మఫ్‌లు తొడిగి. రేసుకు ముందు డ్రైవర్లందరినీ నిలబెట్టి నిబంధనలు చదువుతారు. చదవడం అయిపోయాక మావయ్య చెయ్యెత్తాడు.

"నాకు చెవులు పోయాయి. మూడు ఇంజన్లనీ చంపింది నేను. మా బావమరిది ముందే చెప్పాడు, నేను వినలేదు."

"వినపడలేదు అను నత్తా," అన్నాడు వెనకనుంచి ఒకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"కాదు. అది వినపడింది. వినలేదు," అన్నాడు మావయ్య.

రేసు అధికారి ఆయన చేతిలోంచి నంబరు బిళ్ళ తీసుకుని భుజం తట్టాడు. టైర్ల గుట్ట దగ్గరనుంచి బాబాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇంటికొచ్చి చెప్తే సరిపోయేది కదా బావా. లైసెన్సైనా మిగిలేది."

"ఇంట్లో అన్న మాటైతే ఇంట్లోనే చెప్పేవాణ్ణి."

బాబాయ్ చేతిగుడ్డ భుజాన వేసుకున్నాడు. మళ్ళీ టైర్ల దగ్గరికే వెళ్ళిపోయాడు. కౌగిలింతలేమీ లేవు. ఇద్దరూ బాగా అలిసిపోయి ఉన్నారు.

ఆ మాట కూడా షెడ్డు షెడ్డుకీ నడిచింది, కాకపోతే మొదటిదానంత చురుగ్గా కాదు. వేసవి వెళ్ళేసరికి కొత్తగా వచ్చిన ఒక కుర్ర డ్రైవరు తన ఇంజన్ బాబాయ్‌కి అప్పగించాడు. ఆ రేసుకు మావయ్య కంచె అవతల మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సగం రేసయ్యేసరికి, అంత మోతలోనూ, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. అత్తయ్య లేపబోతే నేనే వద్దన్నాను.

అంతా అయ్యాక బాబాయ్ వచ్చి ఆయన మోకాలు కుదిపాడు. "బావా, లే. ఇంజన్ బతికి వచ్చింది."

"ఎన్నోవాడు?"

"నాలుగోవాడు."

"నూనె చూశావా?"

"చూశా."

"ఏం?" అన్నాడు మావయ్య, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"చూశా బావా, చూశా," అని బాబాయ్ గట్టిగా చెప్పి, కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నాడు.