పాట కింద రొద

పాట పెట్టే ముందు నారప్ప ఎప్పుడూ ఒక పని చేస్తాడు. యాంప్లిఫయర్ స్విచ్ వేసి, స్పీకర్ గుడ్డకు చెవి ఆనిస్తాడు. లోపల ఏమీ వినపడకపోతేనే క్యాసెట్ పెడతాడు.

ఆ ఎండాకాలం లోపల ఏదో వినపడింది. సన్నటి రొద. క్యాసెట్‌లో వేణువు ఆగిన చోటల్లా అది పైకి తేలేది.

నారప్ప రాయచూరులో పత్తి మిల్లు గుమాస్తా. దేన్నీ తేలిగ్గా నమ్మడు. ఆ పాత యాంప్లిఫయర్‌ను శక్తినగర్ క్వార్టర్స్‌లో, అమ్మేవాళ్ల ఇంట్లోనే ఆడించి చూసి, మర్నాడు మళ్లీ వెళ్లి ఆడించి చూసి కొన్నాడు. అక్కడ రొద లేదు. కాబట్టి తప్పు తన వీధిలోనే ఉంది. మొదట కరెంటు స్తంభాన్ని అనుమానించాడు. తర్వాత పక్కింటి మహదేవప్పను.

మహదేవప్ప రోజూ సాయంత్రం వచ్చి, పేము కుర్చీలో కళ్లు మూసుకుని వేణువు వినేవాడు. నారప్ప పెట్టే పాటకు ఉన్న శ్రోత అతనొక్కడే. ఆ నెలే అతను ఫ్రిజ్జు కొన్నాడు.

"మహదేవన్నా, నీ ఫ్రిజ్జు నా వేణువుల గురక పెడ్తున్నది."

మహదేవప్ప నవ్వాడు. "నిన్న చల్లనీళ్లు తాగినప్పుడు మంచిగనే ఉండె గద."

"తాగిపిచ్చి నా నోరు మూయిద్దమనుకున్నవేమో."

నవ్వు ఆగింది. మహదేవప్ప లేచాడు. "మెయిన్ బంద్ చేసి కల్మల పోతున్న, మా అక్క ఇంటికి. నీ వేణువు నువ్వే విను."

పక్కింటికి తాళం పడింది. నారప్ప వెళ్లి వాళ్ల వసారాలో మీటరు చక్రం చూశాడు. తిరగడం లేదు. ఇంటికొచ్చి చెవి ఆనించాడు. రొద అలాగే ఉంది.

ఇక మిగిలింది భార్య మద్దమ్మ.

"ఏమే, తీగలు గిట్ల కదిలిచ్చినవా?"

"నేనెందుకు ముడ్తా? పెరట్ల ఎర్తు గుంతల నీళ్లు పోయొద్దంటిరి, బంద్ చేసిన. గదొక్కటే."

ఇంటి ఎర్తు తీగ పాతిన గుంత అది; ఎండాకాలం దాన్ని ఎండనివ్వొద్దని వైరింగు చేసినతను చెప్పి వెళ్లాడు. మద్దమ్మ ఏటా బియ్యం కడిగిన నీళ్లు అందులోనే పోసేది. తడి మన్నులో కరెంటు పాకి వస్తుందేమోనని ఈ ఏడు నారప్ప మాన్పించాడు.

"నీళ్లకూ పాటకూ ఏం సంబంధమే?"

"మహదేవన్న ఫ్రిజ్జుకు ఉన్నంత," అంటూ ఆమె బిందె తీసుకుని పెరట్లోకి నడిచింది.

నారప్ప గుడ్డకు చెవి ఆనించి ఉన్నాడు. పెరట్లో నీళ్లు పడుతున్నాయి. రొద పలచబడింది. ఇంకో బిందె పడింది. రొద లేదు. స్విచ్ తీసి మళ్లీ వేశాడు. లేదు.

క్యాసెట్ పెట్టలేదు. పేము కుర్చీ వంక చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున బిందె పట్టుకుని పిట్టగోడ దాటాడు. మహదేవప్ప పెరట్లో కూడా ఎర్తు గుంత నెర్రెలిచ్చి ఉంది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, నీళ్లు వొంచాడు. తర్వాత చొక్కా తొడుక్కుని లింగసుగూరు బస్సెక్కాడు. కల్మలలో ఆగుతుందా అని కండక్టరును అడిగాడు. ఆగుతుందన్నాడు. పక్కనున్న మనిషిని కూడా అడిగి, అప్పుడు కూర్చున్నాడు.